ప్రత్యర్థి మళ్లీ వస్తాడు

ఒకసారి ఎదుర్కొన్నవారినే మరోసారి ఎదుర్కోవలసి రావడం ఎవరికీ కొత్త కాదు. ఆటలో, పరీక్షలో, ఎన్నికలో, కోర్టులో, కుటుంబంలో, సంఘంలో, చివరికి మన ప్రార్థన గదిలో కూడా అదే ముఖమో, అదే సమస్యో, అదే శోధనో తిరిగి వచ్చి నిలబడుతుంది. మొదటిసారి ఓడినవారికి అప్పుడు భయం పుడుతుంది. మొదటిసారి గెలిచినవారికి ధీమా పుడుతుంది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదమో ఈ వారం పాఠకులతో కలిసి ఆలోచించాలనుకుంటున్నాం.

తెలుగువారందరికీ తెలిసిన ఉదాహరణతో మొదలుపెడదాం. 2017 ఆగస్టులో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీల ఫైనల్లో మన పి.వి. సింధు, జపాన్ క్రీడాకారిణి నొజోమి ఒకుహారా తలపడ్డారు. ఆట 1 గంట 50 నిమిషాలు సాగింది. 19-21, 22-20, 20-22 తేడాతో సింధు ఓడిపోయారు. మరుసటి ఏడాది నాన్‌జింగ్‌లో ఆమె మళ్లీ ఫైనల్ చేరి, ఈసారి స్పెయిన్‌కు చెందిన కరోలినా మారిన్ చేతిలో ఓడారు. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో వరుసగా మూడో ఫైనల్. నెట్ అవతల నిలబడింది ఒకుహారాయే. ఆ రోజు ఆట నలభై నిమిషాలు కూడా పట్టలేదు. 21-7, 21-7 తేడాతో సింధు ప్రపంచ విజేత అయ్యారు. బ్యాడ్మింటన్‌లో ఆ పేరు సంపాదించిన మొదటి భారతీయురాలు ఆమె.

ఇదే క్రీడాకారిణి జీవితంలో దీనికి ఎదురు దిశలో జరిగిన సంగతి కూడా ఉంది. టోక్యో ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన హె బింగ్‌జియావోను 21-13, 21-15తో ఓడించి సింధు కాంస్య పతకం గెలిచారు. మూడేళ్ల తర్వాత 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అదే ప్రత్యర్థి ఎదురైనప్పుడు 19-21, 14-21తో ఓడి ఇంటికి వచ్చారు. ఆ మధ్యకాలంలో అవతలివారూ ఊరకే కూర్చోరు కదా!

గ్లాస్గోకూ బాసెల్‌కూ మధ్య రెండేళ్లు ఉన్నాయి. టోక్యోకూ పారిస్‌కూ మధ్య మూడేళ్లు ఉన్నాయి. పత్రికల్లో ఫోటోలు వచ్చేది ఆట జరిగిన రోజునే. కానీ రెండో పోరులో ఏం జరుగుతుందన్నది చాలావరకు ఎవరూ ఫోటో తీయని ఆ మధ్యకాలంలోనే తేలిపోతుంది. మేము ఈ వారం చెప్పదలచుకున్న మాట ఇదే. పరిశుద్ధ గ్రంథంలో ఈ సంగతిని స్పష్టంగా చూపించే ఒక అధ్యాయం ఉంది. ఏలీయా కథల మధ్య ఇరుక్కుపోయినందువల్ల మన ప్రసంగాలలో అది అరుదుగా వినబడుతుంది. అది రాజుల మొదటి గ్రంథం 20వ అధ్యాయం.

మొదటి పోరు

సిరియా రాజు బెన్హదదు 32 మంది రాజులను వెంటబెట్టుకొని వచ్చి షోమ్రోనును ముట్టడించాడు. షోమ్రోను కొండమీది పట్టణం. అహాబు తండ్రి ఒమ్రీ ఆ కొండను కొని అక్కడ రాజధాని కట్టాడు. బెన్హదదు మొదట వెండి, బంగారం, భార్యలను, పిల్లలను అడిగితే అహాబు సరేనన్నాడు. ఆ తర్వాత, నా సేవకులు వచ్చి మీ ఇళ్లు సోదా చేసి నచ్చినదంతా పట్టుకుపోతారని కబురు పంపాడు. అప్పుడు పెద్దలు ఒప్పుకోవద్దన్నారు. యుద్ధం తప్పలేదు.

ఒక ప్రవక్త వచ్చి దేవుడు విజయమిస్తాడని అహాబుతో చెప్పాడు. ఆ ప్రవక్త పేరు కూడా గ్రంథంలో లేదు. మధ్యాహ్నం వేళ 232 మంది యువకులు ముందుగా బయలుదేరారు. వారి వెనుక 7,000 మంది ఇశ్రాయేలీయులు. ఆ సమయానికి బెన్హదదు తన 32 మంది రాజులతో గుడారాలలో తాగి మత్తులో ఉన్నాడు. సిరియా సైన్యం చెల్లాచెదురైంది. బెన్హదదు గుర్రమెక్కి తప్పించుకున్నాడు.

షోమ్రోనులో ఆ రాత్రి సంబరం జరిగి ఉండవచ్చు. అయితే గ్రంథం సంబరాన్ని వర్ణించదు. వెంటనే ప్రవక్త మళ్లీ రాజు దగ్గరకు వస్తాడు. ఆయన చెప్పిన సందేశాన్ని మా మాటల్లో చెప్పాలంటే మూడు పనులు: నిన్ను నీవు బలపరచుకో, పరిస్థితిని గమనించు, ఏం చేయాలో ముందే ఆలోచించుకో. కారణం కూడా చెప్పాడు. ఏడాది తిరిగేసరికి ఆ రాజు మళ్లీ వస్తాడు.

గెలిచిన రోజునే వచ్చిన హెచ్చరిక ఇది. ఓడినవాడికి ఇలాంటి మాట చెప్పనక్కరలేదు, వాడు నిద్రపోడు. నిద్రపోయేది గెలిచినవాడే.

ఓడినవారి సమీక్ష

అదే సమయంలో దమస్కులో మరో సమావేశం జరిగింది. బెన్హదదు సేవకులు కూర్చొని ఎందుకు ఓడామని లెక్కలు వేసుకున్నారు. వారు మూడు నిర్ణయాలకు వచ్చారు. మొదటిది: ఇశ్రాయేలీయుల దేవుడు కొండల దేవుడు, కాబట్టి ఈసారి మైదానంలో పోరాడాలి. రెండవది: 32 మంది రాజులను తీసివేసి వారి స్థానంలో సేనాధిపతులను పెట్టాలి. మూడవది: పోయిన గుర్రానికి గుర్రం, రథానికి రథం చొప్పున సైన్యాన్ని మళ్లీ సమకూర్చుకోవాలి.

ఈ మూడింటిలో రెండవదీ మూడవదీ తెలివైనవే. ఎవరి పరువు వారు చూసుకునే 32 మంది రాజులకన్నా ఆజ్ఞకు లోబడే అధిపతులే యుద్ధంలో పనికొస్తారు. కానీ మొదటి నిర్ణయం పూర్తిగా తప్పు. వారు ఓడింది కొండవల్ల కాదు. పట్టపగలు రాజు తాగి పడిపోయి ఉన్నాడు. ఆ మాట అనే ధైర్యం ఆ సమావేశంలో ఎవరికీ లేకపోయింది. రాజు ఎదుట రాజు తప్పు చెప్పడం కష్టం. నేల తప్పు అని చెప్పడం తేలిక.

ఓడిన ప్రతిచోటా ఈ సమావేశం జరుగుతూనే ఉంది. పేపరు కష్టంగా ఇచ్చారనీ, అవతలివాళ్లు డబ్బు పంచారనీ, జడ్జి వాళ్ల మనిషనీ, కోర్టులో గాలి అటువైపు వీచిందనీ చెప్పుకుంటాం. వీటిలో కొన్ని నిజం కూడా కావచ్చు. అయితే మన గుడారంలో ఏం జరిగిందో చూడకుండా నేలను మాత్రమే మార్చుకుంటే, రెండోసారి మైదానంలో ఓడిపోతాం.

సరిగ్గా అదే జరిగింది. ఏడాది తిరిగాక సిరియనులు ఆఫెకు దగ్గరకు వచ్చారు. గలిలయ సముద్రానికి తూర్పున ఉన్న ఎత్తైన మైదానంలో ఆ ఊరు ఉండేదని చాలామంది పండితులు చెబుతారు. దేశమంతా సిరియా సైన్యమే కనబడుతోంది. ఇశ్రాయేలీయులు వారి ఎదుట రెండు చిన్న మేకల మందల్లా ఉన్నారు. ఏడు రోజులు ఎదురెదురుగా దిగి ఉన్నారు. ఏడవ రోజున యుద్ధం జరిగి సిరియనులలో 1,00,000 మంది కాలిబంట్లు పడిపోయారనీ, ఆఫెకుకు పారిపోయినవారిలో 27,000 మందిమీద గోడ కూలిందనీ గ్రంథం చెబుతుంది. దేవుడు కొండలకే పరిమితమని చెప్పుకున్నవారికి మైదానంలో జవాబు దొరికింది.

గెలిచినవాడి పొరపాటు

ఇక్కడితో కథ ఆగిపోయి ఉంటే అహాబు రెండుసార్లు గెలిచిన వీరుడిగా మిగిలేవాడు. బెన్హదదు ఊళ్లో లోపలి గదిలో దాక్కున్నాడు. అతని సేవకులు నడుముకు గోనెపట్టలు, తలలకు తాళ్లు కట్టుకొని వచ్చి ప్రాణభిక్ష అడిగారు. అహాబు వెంటనే అతడు నా సోదరుడని పలికి, తన రథంమీద ఎక్కించుకున్నాడు. బెన్హదదు రెండు వాగ్దానాలు చేశాడు. తన తండ్రి తీసుకున్న పట్టణాలు తిరిగి ఇస్తాడు. దమస్కులో అహాబు వ్యాపార వీధులు పెట్టుకోవచ్చు. ఒప్పందం కుదిరింది.

శత్రువును ప్రేమించమని బోధించే సంఘంలో ఈ భాగం చదివితే ఇబ్బందిగా ఉంటుంది. అహాబు క్షమించాడు కదా, అయినా ప్రవక్త ఎందుకు గద్దించాడు? ఒప్పందంలోని మాటలను చూస్తే కొంత అర్థమవుతుంది. అందులో పశ్చాత్తాపం లేదు. ముట్టడిలో నలిగిపోయిన షోమ్రోను ప్రజల ఊసు లేదు. విజయమిచ్చిన దేవుణ్ణి అడిగిన జాడ కూడా లేదు. ఉన్నది పట్టణాలు, దుకాణాలు. సోదరుడనే మాట బేరానికి ముందుమాటగా వచ్చింది.

క్షమాపణతో వచ్చే కలయిక ఎలా ఉంటుందో చూడాలంటే యాకోబు ఏశావుల దగ్గరకు వెళ్లాలి. మోసంతో గెలిచిన తమ్ముడు 20 ఏళ్ల తర్వాత అన్నకు ఎదురు వెళ్తున్నాడు. అన్న 400 మందితో వస్తున్నాడని కబురు. యాకోబు ఏమీ అడగలేదు. మేకలు, గొర్రెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు కలిపి 550కి పైగా పశువులను ముందుగా పంపాడు. రాత్రంతా దేవునితో పెనుగులాడి కుంటుతూ అన్న ఎదుటికి నడిచాడు. ఏడుసార్లు నేలకు వంగాడు. అన్న పరుగెత్తి వచ్చి కౌగిలించుకున్నాడు. మన ప్రత్యర్థి మన తోబుట్టువే అయినప్పుడు రెండో కలయికలో గెలవడమంటే ఇదే. యాకోబు ఇచ్చి సమాధానపడ్డాడు. అహాబు పుచ్చుకొని సమాధానమన్నాడు.

మూడేళ్ల విరామం

ఆ తర్వాత మూడేళ్లు సిరియాకూ ఇశ్రాయేలుకూ మధ్య యుద్ధం లేదు. ఈ కాలం గురించి బైబిలు వెలుపల కూడా ఒక సాక్ష్యం ఉంది. అష్షూరు రాజు మూడవ షల్మనేసెరు చెక్కించిన శాసనం 1861లో నేటి టర్కీలోని కుర్ఖ్ అనే చోట దొరికింది. ఇప్పుడది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. క్రీస్తుపూర్వం 853లో కర్కర్ దగ్గర తనను ఎదిరించిన రాజుల జాబితాలో అహాబు పేరు చెక్కించాడు. దమస్కు రాజు హదదెజెరు 1,200 రథాలతో, ఇశ్రాయేలీయుడైన అహాబు 2,000 రథాలతో, 10,000 మంది కాలిబంట్లతో ఒకే పక్షాన నిలిచారని అందులో ఉంది. ఈ హదదెజెరే బెన్హదదు అని చాలామంది పండితులు భావిస్తారు. కొందరు ఒప్పుకోరు. ఏమైనా నిన్నటి ప్రత్యర్థులు ఇవాళ ఒకే పక్షాన నిలవడం ఆ కాలంలోనూ జరిగింది. విచిత్రమేమిటంటే షల్మనేసెరుకూ ఒక్కసారితో పని ముగియలేదు. అదే కూటమిమీదికి 849లో, 848లో, 845లో మళ్లీ మళ్లీ రావలసి వచ్చింది.

మరి ఆ విరామంలో అహాబు ఇంట్లో ఏం జరిగింది? రెండు యుద్ధాల అధ్యాయాల మధ్య గ్రంథకర్త పెట్టిన కథ నాబోతు ద్రాక్షతోట. కూరగాయల తోట కావాలని రాజు మంచమెక్కి అలిగి పడుకున్నాడు. అబద్ధ సాక్షులతో ఒక నిర్దోషిని రాళ్లతో కొట్టించారు. బలపరచుకో, గమనించు, ఆలోచించుకో అని వచ్చిన మాట అతనికి గుర్తున్నట్టు కనబడదు.

మూడో ఏట అహాబుకు రామోత్గిలాదు గుర్తుకొచ్చింది. పట్టణాలు తిరిగి ఇస్తానన్న వాగ్దానం ఉన్నా ఆ పట్టణం ఇంకా సిరియా చేతిలోనే ఉంది. యూదా రాజు యెహోషాపాతును తోడు తెచ్చుకున్నాడు. 400 మంది ప్రవక్తలు వెళ్లమన్నారు. మీకాయా ఒక్కడు నిజం చెబితే చెరసాలలో వేయించాడు. అహాబు వేషం మార్చుకొని యుద్ధానికి వెళ్లాడు. అవతల సిరియా రాజు పక్షాన ఈసారి 32 మంది రాజులు లేరు. ఇశ్రాయేలు రాజుమీదనే గురి పెట్టమని ఆజ్ఞ అందుకున్న 32 మంది రథాధిపతులు ఉన్నారు. అప్పటి సమావేశంలో నేర్చుకున్న పాఠాన్ని వారు మరిచిపోలేదు. చివరికి ఎవరో గురి చూడకుండా వేసిన బాణం అహాబు కవచపు అతుకుల మధ్య దిగింది. సాయంత్రానికి ప్రాణం పోయింది.

రెండుసార్లు గెలిచినవాడు మూడోసారి అదే ప్రత్యర్థి చేతిలో మరణించాడు. రెండుసార్లు ఓడినవాడు నేర్చుకుంటూ వచ్చాడు.

మన సంఘాలలో

ఇది పాత రాజుల కథగా మిగిలిపోకూడదు. మన పాస్టరేట్ కమిటీల ఎన్నికలు చూడండి. చాలాచోట్ల ప్రతిసారీ అవే రెండు గుంపులు. ఓడినవారు ఆ మరుసటి ఆదివారం నుంచి వెనక బెంచీలకు మారతారు. కొన్నిచోట్ల వ్యాజ్యం కోర్టుకెక్కుతుంది. గెలిచినవారు తాళాలు చేతికి రాగానే పని అయిపోయిందనుకుంటారు. మధ్య ఏళ్లలో కానుకల లెక్కలు సంఘం ఎదుట చదివారా? సండేస్కూలు నడిచిందా? ఓటు వేయని ఇళ్లకు కూడా వెళ్లి ప్రార్థన చేశారా? ఓడినవారు తమ గుడారంలో ఏం లోపమని ఒక్కసారైనా కూర్చొని మాట్లాడుకున్నారా? మళ్లీ ఎన్నిక వచ్చినప్పుడు పోస్టర్లు, ఫోన్లు, భోజనాలు చేసే పనికన్నా ఈ ప్రశ్నలకు జవాబులే ఎక్కువ పని చేయాలి. ఇంకా మేలైన సంగతి, ఎవరైనా ఒకరు యాకోబులా ముందుగా ఇచ్చుకుంటూ ఎదురు వెళ్లడం.

మద్యం మానేసిన సహోదరుల సంగతి చూడండి. ఉజ్జీవ కూటాలలో చేయెత్తి మానేసినవారు చాలామంది. వారిలో కొందరు కొన్ని నెలల తర్వాత జీతం అందిన సాయంత్రం అదే దుకాణం ముందు నిలబడతారు. అప్పుడు సంఘం, వాడి మారుమనస్సు అబద్ధమని తేల్చేస్తుంది. ప్రవక్త చెప్పిన మూడు పనులు ఇక్కడ అక్షరాలా పనికొస్తాయి. బలపరచుకోవడమంటే ప్రార్థన, మంచి సహవాసం, అవసరమైతే డాక్టరు, చికిత్సా కేంద్రం. గమనించుకోవడమంటే ఏ దారి, ఏ స్నేహం, ఏ రోజు తనను లాగుతుందో తెలుసుకోవడం. ముందే ఆలోచించుకోవడమంటే జీతం ఎవరి చేతికి ఇవ్వాలో, ఇంటికి ఏ దారిన రావాలో, మనసు జారినప్పుడు ఏ సహోదరుడికి ఫోన్ చేయాలో నిర్ణయించుకొని ఉండటం. ఆ ఫోన్ ఎత్తడానికి సంఘంలో ఒకరు సిద్ధంగా ఉండాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. తగ్గిపోయిందనుకున్న రోగం తిరిగి వచ్చిన కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. వారి దగ్గరకు వెళ్లి, ప్రార్థనలో సడలిపోయారు కాబట్టి ఇలా జరిగిందని చెప్పకండి. కొన్ని ప్రత్యర్థులు మన నిర్లక్ష్యంవల్ల రావు, వాటి దారిన అవి వస్తాయి. ఆ ఇంట మనం చేయవలసింది సమీక్ష కాదు. రెండోసారి కూడా ఆస్పత్రికి తోడు వెళ్లడం, మొదటిసారి పెట్టినట్టే భోజనం క్యారేజీ పంపడం. మొదటిసారి కదిలినంతగా రెండోసారి సంఘం కదలదు. అలసిపోతుంది. ఆ అలసటను జయించడమే మనకు రెండో పోరు.

శోధకుడు వెళ్లిపోయాడు, కొంతకాలానికే

అరణ్యంలో మన ప్రభువు 40 దినాలు శోధింపబడి జయించిన సంగతి మనకు కంఠస్థమే. లూకా ఆ భాగాన్ని ముగిస్తూ ఒక చిన్న వివరం జోడిస్తాడు. అపవాది ఆయనను విడిచి వెళ్లింది కొంతకాలంవరకే. మళ్లీ ఏ రూపంలో వచ్చాడు? శ్రమలు వద్దని అడ్డుపడిన పేతురు నోట ప్రభువు ఆ పాత స్వరాన్నే గుర్తుపట్టి అతణ్ణి సాతానా అని గద్దించాడు. నీవు దేవుని కుమారుడవైతే అనే మాట మత్తయి సువార్తలో అరణ్యంలో వినబడుతుంది. సిలువ దగ్గర దారిన పోయేవారి నోట మళ్లీ వినబడుతుంది. నోళ్లు మారాయి, షరతు మారలేదు.

అరణ్యానికీ సిలువకూ మధ్య ఆయన ఏం చేశాడు? రోగులను స్వస్థపరిచాడు, బోధించాడు, జనం వెంటపడుతున్నా ఏకాంత స్థలాలకు వెళ్లి ప్రార్థన చేస్తూ వచ్చాడు. ఆ ప్రార్థనలకు చాలావాటికి సాక్షులు లేరు. గెత్సేమనేలో శిష్యులు నిద్రపోతున్నప్పుడు ఆయన మేలుకొని ఉండటం ఆ రాత్రి హఠాత్తుగా వచ్చిన శక్తి కాదు. ఎన్నో తెల్లవారుజాముల అలవాటు అది.

ప్రియ పాఠకులారా, ఈ ఏడాది మీరు ఎవరినో, దేన్నో ఎదుర్కొని ఓడి ఉండవచ్చు. అయితే ఆ ఓటమికి నేల కారణమని చెప్పుకొని ఊరుకోకండి. గెలిచి ఉంటే, గెలిచిన రోజే ప్రవక్త గుమ్మంలో నిలబడి ఉన్నాడని గుర్తుంచుకోండి. అవతలివారు మనిషైతే, మళ్లీ కలిసే రోజుకు ముందే ఏదైనా ఇచ్చి ఎదురు వెళ్లగలమా అని ఆలోచించండి. అది పాపమైతే, ఏ సాయంత్రం అది తలుపు తడుతుందో మీకు తెలుసు. ఆ సాయంత్రం రాకముందే ఇంట్లోవారితో కూర్చొని మాట్లాడండి.